స్పైడర్ ఆర్‌టీ వెనక టైరు: చక్రం ఇంట్లోనే విప్పుదామనుకుంటున్నా, చేసినవాళ్ళు చెప్పండి

#1 · దూరదారి
అందరికీ నమస్కారం. నాది 2015 స్పైడర్ ఆర్‌టీ, అంటే ముందు రెండు, వెనక ఒకటి చక్రాలున్న కెన్-యామ్ బండి, 1330 సీసీ ఇంజిన్. రెండేళ్ళ కింద సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. వెనక టైరు జోలికి ఇప్పటిదాకా వెళ్ళలేదు.

మొన్న పెద్ద వానలో తొంభై మీద వెళ్తుంటే వెనక భాగం ఒక్క క్షణం రోడ్డు మీద లేనట్టయింది. జారడం కాదు, తేలడం. ముందు రెండు చక్రాలూ పట్టుకునే ఉన్నాయి, హ్యాండిల్‌లో ఏ తేడా లేదు. కింద సీటు మాత్రం మెత్తగా ఎడమకి పోయి తిరిగొచ్చింది. డాష్‌లో స్టెబిలిటీ (బండి అదుపు తప్పకుండా చూసే వ్యవస్థ) దీపం రెండుసార్లు కొట్టుకుంది. వెనక కూర్చున్న మా ఆవిడ నా భుజం పట్టుకుంది, ఇల్లు చేరేదాకా వదల్లేదు.

ఇంటికొచ్చి టార్చి వేసి చూశా. అంచుల్లో గాడులు కొత్త టైరులో ఉన్నట్టే ఉన్నాయి. మధ్యలో మాత్రం అరచేయంత వెడల్పున గుండు. ఇన్నాళ్ళూ పక్క నుంచి చూసి "ఇంకా బాగానే ఉంది" అనుకుంటూ వచ్చా.

టైరు షాపులో అడిగితే "ఈ బండి మేం ముట్టుకోం, చక్రం విప్పి తెస్తే టైరు వేసిస్తాం" అన్నారు. నాకు పానా పట్టడం కొత్త కాదు, కానీ ఇంజిన్ బెల్టుతో తిప్పే చక్రం ఎప్పుడూ విప్పలేదు. ఇంట్లో అయ్యే పనేనా? ఎక్కడ జాగ్రత్త పడాలి? కారు టైరు వేయొచ్చని కూడా విన్నా, అది నిజమేనా?

#2 · పాతరెంచి
దూరదారి గారూ, ముందు ఒక మాట. ఆ టైరు మారేదాకా తడి రోడ్డెక్కకండి. మిగతాదంతా తీరిగ్గా మాట్లాడుకుందాం.

మధ్యలో ఎందుకు అరుగుతుందంటే, ఈ బండి మలుపులో వంగదు. రెండు చక్రాల బండి వంగుతుంది కాబట్టి టైరు అంచులు కూడా పని చేస్తాయి. మనది కారులా నిటారుగానే తిరుగుతుంది, అయితే కారుకున్నంత బరువు వెనక పడదు. టైరు మధ్యభాగం కొంచెం ఉబ్బి ఉంటే చాలు, ఇంజిన్ తోపంతా ఆ పట్టీ మీదే పడుతుంది. సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ ఒక్కసారిగా తిప్పే అలవాటుంటే ఇంకా త్వరగా పోతుంది. అందుకే ఈ బండి టైరును ఎప్పుడూ వెనకనుంచి, కింద కూర్చుని చూడాలి. పక్కనుంచి చూస్తే మోసపోతాం.

ఇంట్లో అయ్యే పనే. ఒక్కడివే చేయొచ్చు, కానీ చక్రం బయటికి తీసేటప్పుడూ ఎక్కించేటప్పుడూ ఇంకో మనిషి ఉంటే నడుముకి మంచిది. నేను చేసే వరస చెప్తా.

గచ్చు సమంగా ఉండాలి. ముందు రెండు చక్రాలకీ ముందూ వెనకా అడ్డు దిమ్మలు. ఇరుసు నట్టును బండి నేల మీద ఉండగానే, పార్కింగ్ బ్రేక్ వేసి ఉండగానే వదులు చేయాలి. పైకి లేపాక పెద్ద రాడ్డుతో లాగితే బండి జాకీ మీద ఊగుతుంది. నాలుగున్నర వందల కిలోల పైచిలుకు బండి అది, ఊగడం మొదలైతే ఆపలేం. నట్టు తిరిగిపోకుండా అడ్డుండే స్ప్లిట్ పిన్ ఉన్న మోడలైతే ముందు అది తీసి పారేయండి, తిరిగి కొత్తదే వేయాలి.

నట్టు వదులయ్యాక ఫ్రేము కింద, మాన్యువల్‌లో చూపించిన చోట జాకీ. మధ్యలో చెక్క దిమ్మ. కింది ప్లాస్టిక్ కవరు మీద ఎత్తితే పగులుతుంది. పైకి లేచాక జాకీని నమ్ముకోకుండా స్టాండ్లు పెట్టండి. ఆ తర్వాతే పార్కింగ్ బ్రేక్ తీయాలి. అది వెనక డిస్కునే పట్టుకుంటుంది కాబట్టి, వేసి ఉంటే చక్రం రాదు. చాలామంది అక్కడే ఇరుక్కుపోయి సుత్తి అందుకుంటారు.

తర్వాత బెల్టు అడ్జస్టర్లు, అంటే ఇరుసును ముందుకీ వెనక్కీ జరిపి బెల్టు బిగువు సర్దే మరలు. ముట్టుకునే ముందే రెండు వైపులా మర ఎంత పొడవు బయటికి కనిపిస్తోందో కాలిపర్ స్కేలుతో కొలిచి రాసుకోండి. వదిలేటప్పుడు ఎన్ని చుట్లు తిప్పారో కూడా రాసుకోండి, రెండు వైపులా ఒకే లెక్క ఉండాలి. ఈ కాగితం తిరిగి బిగించేటప్పుడు మిమ్మల్ని కాపాడుతుంది.

#3 · గాలిమీటర్
అంచున ఎంత, మధ్యలో ఎంత ఉందో కొలిచారా? లోతు కొలిచే చిన్న గేజీ ప్రతి బండివాడి దగ్గరా ఉండాలి. గాడిలో అడ్డంగా చిన్న దిమ్మెలు ఉంటాయి చూడండి, అవి 1.6 మి.మీ. ఎత్తు. టైరు వాటితో సమానమైతే ఇక అయిపోయినట్టే. వాన కోసమైతే నేను 3 దాకా కూడా ఆగను.

గాలి ఎంత పెడుతున్నారు? వెనక 28 పీఎస్‌ఐ అని రాసి ఉంటుంది, కంపెనీ టైరుకి.

#4 · దూరదారి
కొలిచా. అంచున 5.5, మధ్యలో 1.2. గాలి 28 పెడుతున్నా అనే అనుకున్నా. ఇవాళ కొత్త గేజీతో చూస్తే 33. పాత గేజీ ఐదు తక్కువ చూపిస్తోంది. అంటే ఇన్నాళ్ళూ టైరును ఉబ్బించి నడిపా.

#5 · ఇరుసు_అక్క
తమ్ముడూ, మధ్యలో గుండు ఎలా పడిందో తెలిసిపోయింది. బాధపడకు, ఇప్పటికైనా దొరికింది.

పాతరెంచి బాబాయ్ చెప్పిన వరసతోనే నేను మూడుసార్లు నా ఆర్‌టీ చక్రం విప్పా. కొన్ని సంగతులు కలుపుతా.

నట్టు తీశాక ఇరుసు బయటికి రాకపోతే సుత్తి వద్దు. చక్రం బరువు ఇరుసు మీద ఉన్నంతసేపూ అది కదలదు. చక్రం కింద చెక్క పలకలు పేర్చి బరువు సరిగ్గా మోసే ఎత్తుకి తెచ్చుకో. ఆ ఎత్తు కుదిరిన క్షణాన ఇరుసు చేత్తోనే జారుతుంది. జారకపోతే పలక ఎక్కువైనట్టో తక్కువైనట్టో. ఒక పాత మ్యాగజైను వేసి తీసి చూసుకుంటూ నేను సరిచేస్తా, అంత సన్న తేడా అది.

ఇరుసు తీసేముందు రెండు వైపులా ఫోటోలు తీసుకో. దగ్గరనుంచి, వెలుతురు పడేలా. ఇరుసు మీద చక్రానికి అటూ ఇటూ ఉండే గొట్టం ముక్కలు, స్పేసర్లు, రెండూ ఒకే పొడవు ఉండవు, ఇరుసు రాగానే కిందపడి దొర్లిపోతాయి.

బ్రేక్ కాలిపర్‌ను (ప్యాడ్లతో డిస్కును పట్టే భాగం) పక్కకి జరిపి తీగతో ఫ్రేముకి కట్టు. గొట్టం మీద వేలాడనివ్వకు. ప్యాడ్ల మధ్య సన్న చెక్కముక్క దూర్చు, పొరపాటున ఎవరైనా పెడల్ తొక్కితే పిస్టన్ బయటికి రాకుండా. చక్రం వేగాన్ని చదివే సెన్సార్ వైరు అక్కడే ఉంటుంది, దాని దారి కూడా ఫోటో తీసుకో.

చక్రం నేల మీద పెట్టేటప్పుడు డిస్కు పైకి ఉండాలి. డిస్కు కిందపెట్టి దాని మీద బరువేస్తే వంగుతుంది, ఆ తర్వాత ప్రతి బ్రేకుకీ పెడల్ వణుకుతుంది. టైరు షాపువాడికీ ఇదే చెప్పు, చెప్పి పక్కనే నిలబడు.

చక్రం చేతిలో ఉండగా బేరింగులు చూసుకో. వేలు లోపల పెట్టి మెల్లగా తిప్పు. నూనె రాసినట్టు తిరగాలి. ఇసుక ఉన్నట్టు గరగరలాడినా, ఒక చోట ఆగి దాటినట్టున్నా అప్పుడే మార్చేయ్. చక్రానికీ బెల్టు పుల్లీకీ మధ్య ఉండే రబ్బరు కుషన్లు కూడా చూడు, నలిగి పొడి రాలుతుంటే వాటి పని అయిపోయింది.

#6 · కారుటైరు_చాలు
కారు టైరు సంగతి నేను చెప్తా. నా బండికి ఇది రెండో కారు టైరు. రిమ్ము 15 అంగుళాలది, బీడింగ్ (టైరు లోపలి అంచు) కూర్చునే గట్టు కూడా కారు రిమ్ములా ఉంటుంది, కాబట్టి బాగానే కూర్చుంటుంది. నేను 205/60ఆర్15 వేశా. కంపెనీ టైరు నాకు 15 వేల కిలోమీటర్లు కూడా రాలేదు. ఇది 30 వేలు దాటింది, ఇంకా గాడులున్నాయి. వానలో పట్టు ఎంతో మెరుగు. గాలి 18 పెడతా.

#7 · లెక్కలమాస్టారు
కారుటైరు గారి అనుభవాన్ని కాదనను. కానీ సైజు మార్చే ముందు లెక్క చూసుకోవాలి.

కంపెనీ టైరు 225/50ఆర్15. వెడల్పు 225, పక్కగోడ ఎత్తు అందులో సగం, అంటే 112.5. పైనా కిందా కలిపి 225, రిమ్ము 381, మొత్తం వ్యాసం 606 మి.మీ. 205/60ఆర్15 అయితే 381కి 246 కలిపి 627. అంటే మూడున్నర శాతం పెద్దది. కంపెనీ టైరు కిలోమీటరుకి 525 చుట్లు తిరిగితే ఇది 508 తిరుగుతుంది. 215/60 వేస్తే వ్యాసం 639, ఐదు శాతం దాటిపోయింది. అదే 205/55ఆర్15 తీసుకోండి, 606.5 వస్తుంది, కంపెనీ టైరుతో దాదాపు సమానం.

ఇదెందుకు ముఖ్యమంటే, ఈ బండి స్టెబిలిటీ వ్యవస్థ బాష్ కంపెనీతో కలిసి చేసింది, అది మూడు చక్రాల వేగాన్నీ పోల్చి చూస్తూ ఉంటుంది. వెనక చక్రం ముందువాటికంటే ఎంత తేడాగా తిరగాలో దానికి ఒక అంచనా ఉంటుంది. కొత్త టైరు పెద్దదైతే ఆ అంచనా నుంచి మొదటి రోజు నుంచే కొంచెం జరిగి ఉంటాం.

ఇక బరువు. కంపెనీ టైరు మీద 76హెచ్ అని ఉంటుంది. 76 అంటే 400 కిలోలు, హెచ్ అంటే గంటకి 210 కి.మీ. కారు టైరు మీద 91 ఉందనుకోండి, అది 615 కిలోలు మోసేలా కట్టిన టైరు. పక్కగోడ గట్టిగా ఉంటుంది. తక్కువ బరువు పడే చోట అంత గట్టి టైరు 28 దగ్గర మధ్యలోనే ఆనుతుంది. కారుటైరు గారు 18కి దిగడానికి కారణం ఇదే.

#8 · కారుటైరు_చాలు
సరిగ్గా చెప్పారు మాస్టారూ. నేను సుద్దముక్కతో చూశా. టైరుకి అడ్డంగా మందంగా గీత గీసి, తిన్నని రోడ్డులో వంద గజాలు వెళ్ళి ఆగి చూస్తే సుద్ద ఎక్కడ చెరిగిందో తెలుస్తుంది. 28 దగ్గర మధ్యలో మాత్రమే పోయింది. 18 దగ్గర అంచునుంచి అంచుదాకా సమంగా పోయింది. అందుకే 18.

#9 · లెక్కలమాస్టారు
సుద్ద పరీక్ష పొడి రోడ్డుకి సంబంధించింది. నీటి సంగతి వేరే. నాసా వాళ్ళు 1963లో టైరు నీటి మీద తేలడం గురించి పరీక్షలు చేసి ఒక సూత్రం ఇచ్చారు. గంటకి మైళ్ళలో తేలే వేగం అంటే, గాలి పీడనం పీఎస్‌ఐ వర్గమూలాన్ని 10.35తో గుణించడం. విమానం టైర్ల కోసం వచ్చిన లెక్క అది. నీరు గాడుల లోతు దాటి నిలిచినప్పుడో, టైరు గుండైనప్పుడో వర్తిస్తుంది. మంచి గాడులుంటే దానికంటే పై వేగాల దాకా పట్టు ఉంటుంది. కానీ పీడనం తగ్గితే తేలే వేగం తగ్గుతుందన్న దిశ మాత్రం గమనించాలి.

28కి లెక్కేస్తే గంటకి సుమారు 88 కి.మీ. వస్తుంది. 18కి 71.

దూరదారి గారు తొంభై మీద, మధ్యలో 1.2 మి.మీ. ఉన్న టైరుతో తేలారు. గేజీ తప్పు వల్ల ఆరోజు నిజానికి 33 ఉంది, దానికి లెక్క 96 చూపిస్తుంది. అంటే అంచనా కంటే కొంచెం ముందే తేలింది. మధ్యలో ఉబ్బిన గుండు టైరు నీటిని పక్కలకి నెట్టలేదు, ఆశ్చర్యం లేదు.

#10 · కారుటైరు_చాలు
ఈ కోణంలో నేను ఆలోచించలేదు. గాడులున్నంతకాలం సరే, ఈ టైరు కూడా ఒకరోజు అరుగుతుంది కదా. 22 పెట్టి సుద్దతో మళ్ళీ చూస్తా.

#11 · ట్రైక్_తాత
మాది వెనక రెండు చక్రాల బండి, హార్లీ ట్రై గ్లైడ్. వెనకవి కారు కొలత టైర్లే, 205/65ఆర్15. కారు చక్రంలా నట్లు తీస్తే వచ్చేస్తుంది, బెల్టు జోలి లేదు. ఒకే ఒక్క మాట: రెండూ ఒకేసారి మార్చండి. ఒకటి కొత్తది, ఒకటి అరిగినది పెడితే బండి ఒక పక్కకి లాగుతుంది.

#12 · చిన్నరైడర్
మా రైకర్‌కి (అదే కంపెనీ చిన్న బండి) షాఫ్టు కాబట్టి బెల్టు లేదు, వెనక చక్రాన్ని మోసే చేయి, స్వింగార్మ్, ఒకవైపే పట్టుకుంటుంది. చక్రం ఒక పక్కనుంచి విప్పేస్తాం. ఇదంతా చదివాక మీ ఓపికకి దండం అన్నలూ.

#13 · దూరదారి
అందరికీ చాలా థాంక్స్. రెండు రోజులు ఆలోచించి కంపెనీ సైజే, 225/50ఆర్15 తీసుకున్నా. కారు టైరు మంచిది కాదని కాదు. మొదటిసారి చక్రం విప్పుతున్నా, గాలి అలవాటు మారుస్తున్నా. టైరు సైజు కూడా మారిస్తే తర్వాత ఏదైనా తేడా వస్తే దేనివల్లో తెలియదు. ఇది అరిగాక మాస్టారు చెప్పిన 205/55 చూస్తా.

షాపులో మొదట ఇచ్చిన టైరు పక్కన నాలుగంకెలు చూశా, 0817. అంటే 2017లో ఎనిమిదో వారం. రబ్బరు పాతది. వెనక్కిచ్చి ఇటీవలిది తీసుకున్నా. ఇది గాలిమీటర్ గారు వేరే చోట రాసింది చదివి నేర్చుకున్నదే.

శనివారం పని.

#14 · దూరదారి
శనివారం, పని మధ్యలో రాస్తున్నా. ఎవరైనా ఉంటే వెంటనే చెప్పండి.

నట్టు రావడానికి అరగంట పట్టింది. పొడవాటి పైపు వేసి, కాలితో కాకుండా చేతులతో నెమ్మదిగా ఒత్తితే ఒక్కసారి "టక్" మని వదిలింది. తర్వాత అంతా రాసినట్టే నడిచింది. ఇరుసు రాలేదు, సుత్తి దాకా చెయ్యి వెళ్ళింది, అక్క మాట గుర్తొచ్చి ఆగా. పలక మీద రెండు పాత పత్రికలు వేశా. ఇరుసు వేలితో తోస్తే వచ్చేసింది.

కానీ ఇరుసుతో పాటే రెండు స్పేసర్లూ రాలి గచ్చు మీద దొర్లాయి. ఫోటోలు తీశా, అందులో నీడ పడి ఏది ఎటువైపో తెలియట్లేదు. ఒకటి 3 మి.మీ. పొడవు ఎక్కువ. తారుమారైతే చక్రం పక్కకి జరుగుతుంది కదా?

#15 · ఇరుసు_అక్క
ఉన్నా తమ్ముడూ. తుడవకు, గుడ్డ పెట్టకు.

ఒక్కో స్పేసర్ని వెలుతురులో తిప్పి చూడు. ఒక చివర ఉంగరంలా మెరుస్తూ అరిగిన గీత ఉంటుంది. సీలు (బేరింగులోకి దుమ్ము పోకుండా ఆపే రబ్బరు వలయం) పెదవి ఆనేది అక్కడే. రెండో చివర స్వింగార్మ్‌కి ఆనేది, అక్కడ దుమ్ము, తుప్పు మచ్చ ఉంటాయి. ఇప్పుడు హబ్బు రెండు వైపులా సీళ్ళు చూడు. రెండింటి లోపలి వ్యాసం ఒకటే అయితే, ఇంక స్వింగార్మ్ లోపలి గోడల మీద అచ్చు చూడు. స్పేసర్ కూర్చున్న చోట గుండ్రటి శుభ్రమైన మచ్చ ఉంటుంది, చుట్టూ దుమ్ము. దాని పక్కన ఆనించి చూస్తే ఏది ఎవరిదో తెలుస్తుంది.

తెలిశాక ఒక్కోదాని మీద మార్కరుతో గుర్తు పెట్టి, ఆ వైపే పళ్ళెంలో పెట్టు.

#16 · దూరదారి
అక్కా, దొరికింది. పొట్టిదానికి బయటి చివర చిన్న గాటు ఉంది, డిస్కు వైపు గోడ మీద సరిగ్గా అదే గాటు అచ్చు. పొడవుది బెల్టు వైపు. మాన్యువల్ బొమ్మతో కూడా సరిపోయింది. చెమట ఇప్పుడు ఆరింది.

బేరింగుల్లో ఒకటి పర్వాలేదు. బెల్టు వైపుది వేలు పెట్టి తిప్పితే ఒక చోట సన్నగా గరగర. చెవికి వినపడదు, వేలికే తెలుస్తుంది. మార్చేస్తున్నా. టైరు కోసం చక్రం విప్పకపోతే ఇది తెలిసేదే కాదు.

#17 · పాతరెంచి
బాగా చూశారు. బెల్టు వైపు బేరింగుకే ఎప్పుడూ లాగుడు ఎక్కువ. కొత్త బేరింగు కొట్టేటప్పుడు బయటి రింగు మీదే దెబ్బ పడాలి. లోపలి రింగు మీద కొడితే కొత్తది అక్కడే పాడవుతుంది. సరిపడే సాకెట్టు పెట్టి, చుట్టూ సమంగా, అడుగు తగిలి శబ్దం మారేదాకా కొట్టండి.

ఇంజిన్ దగ్గర ముందు పుల్లీ (బెల్టు తిరిగే చక్రం) కూడా టార్చి వేసి చూడండి. మధ్యలో పళ్ళ చుట్టూ ఎర్రటి పొడి కనిపిస్తే లోపల ఇనుము ఇనుముతో రాసుకుంటోందని అర్థం. అది తుప్పు పొడి. లేకపోతే హాయి.

#18 · దూరదారి
పొడి లేదు.

టైరు షాపులో పక్కనే నిలబడ్డా. డిస్కు పైకి పెట్టారు. వాల్వు కొత్తది వేయించా. బాణం గుర్తు తిరిగే వైపుకే ఉందని రెండుసార్లు చూశా. బీడింగ్ రెండు వైపులా "ఠప్ ఠప్" మని కూర్చుంది. అక్కడో చిన్న సంగతి: రెండో ఠప్ వచ్చాక కూడా ఒక చోట టైరు మీద రిమ్ము పక్కనే చుట్టూ ఉండే గీత లోపలికి పోయి ఉంది. చూపిస్తే గాలి తీసి, సబ్బు నీళ్ళు రాసి మళ్ళీ ఎక్కించారు. ఈసారి గీత చుట్టూ సమంగా వచ్చింది. బ్యాలెన్సు మిషన్ మీద రెండు వైపులా సీసం ముక్కలు పడ్డాయి.

చక్రం ఎక్కించా. రాసుకున్న చుట్ల లెక్కతో అడ్జస్టర్లు తిరిగి తెచ్చా. ఇరుసు నట్టు ఎంత టార్కుకి (తిప్పే బలం) బిగించాలి? ఇంటర్నెట్‌లో రెండు అంకెలు కనిపిస్తున్నాయి.

#19 · పాతరెంచి
అంకె నేను చెప్పను గారూ. ఏడాదిని బట్టి మారింది, రెండింటికీ మధ్య చాలా తేడా ఉంది. పాత మోడల్ అంకె కొత్తదానికి పెడితే వదులు, కొత్తది పాతదానికి పెడితే మర పోతుంది. మీ ఏడాది సర్వీసు మాన్యువల్‌లో ఉన్నదే పెట్టండి. బిగించేది బండి నేల మీద పెట్టాక. బిగించాక నట్టు మీదనుంచి స్వింగార్మ్ దాకా పెయింట్ గీత ఒకటి గీయండి.

కదిలే ముందు ఇంకొకటి, మర్చిపోవద్దు. బ్రేక్ పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. ప్యాడ్లు వెనక్కి జరిగి ఉంటాయి. నేనొకసారి ఇది మర్చిపోయి వెనక్కి తోసుకుంటూ వచ్చి తొక్కితే పెడల్ నేలకంటింది. గోడకి జానెడు దూరంలో పార్కింగ్ బ్రేక్‌తో ఆపా. ఆరోజు నుంచి పెడల్ తొక్కాకే స్టాండ్లు తీస్తా.

జాకీ మీద ఉండగా ఇంజిన్ స్టార్ట్ చేసి వెనక చక్రం తిప్పి చూడాలని కూడా అనిపిస్తుంది. వద్దు. ముందు చక్రాలు ఆగి, వెనకది తిరిగితే స్టెబిలిటీ వ్యవస్థ లోపం ఉందని కోడు వేసి కూర్చుంటుంది. చేత్తోనే తిప్పండి.

#20 · దూరదారి
పెడల్ నాలుగోసారికి గట్టిపడింది. మీరు రాయకపోతే నేనూ తొక్కేవాణ్ణి కాదు.

మొదటి రైడ్ పదిహేను కిలోమీటర్లు. టైరు అద్భుతం. కానీ ఒక కొత్త శబ్దం వస్తోంది. ముప్పై, నలభై మధ్య వెనకనుంచి పిచ్చుక అరిచినట్టు కీచు కీచు. వేగం పెరిగితే వినపడదు. యాక్సిలరేటర్ వదిలేస్తే ఆగుతుంది. ఇంతకుముందు లేదు.

#21 · పాతరెంచి
బెల్టు పుల్లీ పక్క అంచుకి రాసుకుంటోంది. చుట్ల లెక్క సరిగ్గానే ఉన్నా కొత్త బేరింగుతో, ఇరుసు బిగింపుతో వెంట్రుకవాసి తేడా వస్తుంది. తేల్చుకోవడం సులువే.

మళ్ళీ ఎత్తండి. చక్రాన్ని చేత్తో ముందుకి తిరిగే వైపుకే పది చుట్లు తిప్పండి. వెనక్కి తిప్పితే బెల్టు ఇంకో అంచుకి పాకుతుంది, అప్పుడు చూసేదంతా తప్పే. పది చుట్ల తర్వాత బెల్టుకీ పుల్లీ అంచుకీ మధ్య సన్న సందు కనిపించాలి, కాగితం ముక్క దూరాలి. దూరకపోతే బెల్టు ఎటు ఒరిగిందో ఆ వైపు అడ్జస్టరు కొంచెం బిగించాలి. కొంచెం అంటే చుట్టులో ఎనిమిదో వంతు. ఇరుసు నట్టు వదులు చేశాకే తిప్పాలి, తిప్పాక మళ్ళీ పది చుట్లు, మళ్ళీ కాగితం.

ఒకవైపు బిగిస్తే బెల్టు బిగువు కూడా పెరుగుతుంది. చివర్లో బిగువు గేజీతో చూసి, ఎక్కువైతే రెండు వైపులా ఒకే కొలతలో వదలండి. మాన్యువల్లో ఉన్న బిగువు చక్రం గాల్లో ఉన్నప్పటిది, నేల మీద కొలిస్తే అంకె మారుతుంది. బిగువు ఎక్కువైతే కీచులాట పోయి మౌనంగా బేరింగులు పోతాయి.

#22 · ఇరుసు_అక్క
బాబాయ్ చెప్పింది చెయ్యి. సర్దేటప్పుడు ఓపిక పట్టు, నాకు మొదటిసారి ఐదు మార్లు పట్టింది. పాత టైరు చప్పుడుకి అలవాటుపడిన చెవికి కొత్త టైరుతో ప్రతి శబ్దమూ వినిపిస్తుంది, అది కూడా గుర్తుంచుకో. కానీ నువ్వు చెప్పిన కీచు మాత్రం నిజమైనదే.

#23 · దూరదారి
మూడోసారికి కుదిరింది. కాగితం మొదట అస్సలు దూరలేదు, రెండోసారి ఇరుకుగా పోయి చిరిగింది, మూడోసారి జారిపోయింది. బిగువు కొలతలో ఉంది. నట్టు టార్కుకి బిగించి తెల్ల పెయింట్ గీత గీశా. కీచు పోయింది.

#24 · గాలిమీటర్
శుభం. గాలి?

#25 · దూరదారి
చల్లటి టైరు మీద, పొద్దున్నే, కొత్త గేజీతో 28. వాడి వచ్చాక 31 చూపించింది. అది వేడికి పెరిగింది కాబట్టి తీయలేదు. పాత గేజీని చెత్తబుట్టలో వేశా, ఎవరి చేతికీ ఇవ్వకుండా.

#26 · కారుటైరు_చాలు
మాస్టారూ, 22 దగ్గర సుద్ద మధ్యలో కొంచెం ముందు చెరుగుతోంది, కానీ అంచుల్లో కూడా పోతోంది. వానల నెలల్లో 22, ఎండల్లో 20 ఉంచుదామనుకుంటున్నా. మీరేమంటారు?

#27 · లెక్కలమాస్టారు
వానల్లో 22 అన్న నిర్ణయం నాకు బాగుంది. ప్రతి రెండు వేల కిలోమీటర్లకీ మూడు చోట్ల లోతు కొలిచి రాయండి. ఆ అంకెలు నా సూత్రం కంటే మీ టైరు గురించి ఎక్కువ చెప్తాయి.

#28 · దూరదారి
ఆరు వందల కిలోమీటర్లు తిరిగొచ్చా, అందులో ఒక పూట అదే దారిలో అదే రకం వాన. తొంభైకి పోలేదు, డెబ్భై మీద ఉంచా. నీళ్ళు నిలిచిన చోట వెనకనుంచి సర్రుమని నీరు చిమ్మిన శబ్దం వచ్చింది, అంతే. దీపం వెలగలేదు. మా ఆవిడ చేతులు పట్టీ మీదే ఉన్నాయి, ఈసారి నా భుజం పట్టుకోలేదు.

ఇంటికొచ్చి చూశా. పెయింట్ గీత ఎక్కడా తెగలేదు. కాగితం జారుతోంది. మధ్యలో లోతు, అంచున లోతు రెండూ ఒకటే చూపిస్తున్నాయి. తేదీ, కిలోమీటర్లు, మూడు అంకెలు రాసిన కాగితం షెడ్డు తలుపు వెనక అంటించా.